పటచిత్రంలో ప్రతి బొమ్మా ఒక కొలతే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

దత్తాంశ నిర్వహణ (సేకరించిన లెక్కలను పేర్చి చూపడం) పాఠం మీద, అందులోనూ పటచిత్రాల మీద, అంటే సంఖ్యలను బొమ్మల వరసలుగా చూపే చిత్రాల మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగిన చోట ఒక్క ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. ‘వారంలో గ్రంథాలయం నుంచి పిల్లలు తీసుకెళ్లిన పుస్తకాలు’ అని పటచిత్రం గీయమంటే, రెండు గంటలు కూర్చుని రంగులు వేసి మరీ గీశాడు. పదికి నాలుగు మార్కులు వచ్చాయి. టీచరు ఎర్ర సిరాతో ‘సూచిక ఏది? బొమ్మల సైజు?’ అని మాత్రం రాశారు. బొమ్మలు అంత బాగున్నా మార్కులు ఎందుకు పోయాయండీ? కాగితం ఫొటో జతచేస్తున్నాను. – ఒక తల్లి, నల్గొండ

జవాబు: ఫొటో చూశామండీ. బొమ్మలు నిజంగానే బాగున్నాయి, బాబుకి చెయ్యి తిరిగింది. పోయిన మార్కులు బొమ్మకు కాదు, లెక్కకు.

వాడికిచ్చిన దత్తాంశం ఇది: సోమవారం 40, మంగళవారం 35, బుధవారం 25, గురువారం 50, శుక్రవారం 30, శనివారం 15. సోమవారం వరసలో నాలుగు పుస్తకాలు పెద్దవిగా గీశాడు. గురువారానికి వచ్చేసరికి చోటు చాలక ఐదు పుస్తకాలను చిన్నవి చేసి ఇరికించాడు. దాంతో 50 ఉన్న వరస 40 ఉన్న వరస కంటే పొట్టిదైంది. కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూడండి, సోమవారమే ఎక్కువ పుస్తకాలు పోయినట్టు కనిపిస్తుంది. బొమ్మలు లెక్కపెడితే ఒక జవాబు, కంటితో చూస్తే ఇంకో జవాబు. టీచరు పట్టుకున్నది ఇదే.

ధాన్యం రాశి కొలిచేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే కుంచం వాడతారు. సగం రాశి ఒక కుంచంతో, మిగతా సగం ఇంకో సైజు కుంచంతో కొలిచి ‘పది కుంచాలు’ అంటే ఆ పదికి విలువ లేదు. పటచిత్రంలో బొమ్మ చేసేది కుంచం పనే. అందుకే అన్ని బొమ్మలూ ఒకే సైజులో ఉండాలి, బొమ్మకూ బొమ్మకూ మధ్య ఒకే ఎడం ఉండాలి, అన్ని వరసలూ ఎడమవైపు ఒకే నిలువు గీత దగ్గర మొదలవ్వాలి. ఇక సూచిక అంటే, ఆ కుంచంలో ఎంత పడుతుందో చెప్పే మాట: ‘ఒక పుస్తకం బొమ్మ = 10 పుస్తకాలు’. కొన్ని పుస్తకాల్లో దీన్నే స్కేలు అంటారు. ఇది లేకపోతే గురువారం వరసలోని ఐదు బొమ్మలు ఐదు పుస్తకాలో, యాభయ్యో, ఐదువందలో చూసేవాళ్లకు తెలియదు.

ఈసారి గీసేటప్పుడు ఇలా చేయించండి. గళ్ల కాగితం తీసుకోండి. తెల్ల కాగితమైతే ముందు స్కేలుతో, పెన్సిలుతో పలచగా గళ్లు గీయించండి. ఎ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. ఎడమవైపు వారాల పేర్లకు 5, కుడివైపు 2 వదిలేస్తే 14 సెంటీమీటర్లు మిగులుతాయి. సెంటీమీటరుకొక గడి, గడికొక బొమ్మ. బొమ్మ గడి గీతలను తాకకుండా లోపలే ఉండాలి, అప్పుడు ఎడం దానంతటదే సమానంగా వస్తుంది. అన్ని వరసలూ పెన్సిలుతో పూర్తయ్యాకే రంగు. పైన శీర్షిక, కింద పెట్టె గీసి సూచిక. ఇక్కడొక చిట్కా: సూచికను చివర్లో కాకుండా అన్నిటికంటే ముందు రాయించండి. చివరికి వదిలేస్తేనే పిల్లలు మరిచిపోతారు. ముందే రాస్తే ఎన్ని బొమ్మలు గీయాలో కూడా అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: ఒక బొమ్మ ఎంతకు సమానం అనుకోవాలో ఎలా తేల్చుకోవాలి? మా పిల్లలు ఏ లెక్కకైనా కళ్లు మూసుకుని ‘ఒక బొమ్మ = 10’ అని రాసేస్తున్నారు. – ఒక ట్యూషన్ టీచరు, తెనాలి

జవాబు: పది అలవాటైన అంకె కాబట్టి అందరూ దాని మీదకే పోతారు. దత్తాంశంలో 24, 36, 18, 42 ఉన్నాయనుకోండి. పది పెట్టుకుంటే 24కి రెండు బొమ్మలు, ఆ పైన బొమ్మలో పదింట నాలుగు వంతులు గీయాలి. అది ఎవరి తరం?

దీనికి పిల్లలకు అప్పటికే తెలిసిన పనిముట్టు ఉంది, గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే అన్ని సంఖ్యలనూ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య). 24, 36, 18, 42ల గ.సా.భా. 6. సూచిక 6 అయితే 4, 6, 3, 7 బొమ్మలు. ఎక్కడా ముక్క లేదు. చోటు తక్కువుంటే దాన్ని రెట్టింపు చేయండి, సూచిక 12. అప్పుడు 2, 3, ఒకటిన్నర, మూడున్నర. గ.సా.భా.ను సూచికగా పెడితే అన్నీ పూర్తి బొమ్మలే వస్తాయి. దానికి రెట్టింపు పెడితే సగం బొమ్మకు మించి ముక్క రాదు. నాలుగు రెట్లు పెడితే పావు, అర, ముప్పావు. అంతకు మించి పోవద్దు, పావు కంటే చిన్న ముక్కను గీసేవాళ్లూ సరిగ్గా గీయలేరు, చూసేవాళ్లూ పోల్చుకోలేరు.

నల్గొండ బాబు లెక్కనే తీసుకుంటే 40, 35, 25, 50, 30, 15ల గ.సా.భా. 5. సూచిక 5 అయితే మొత్తం 39 బొమ్మలు గీయాలి. 10 అయితే సగాలతో కలిపి 21. రెండూ సరైనవే. కాకపోతే ఓపిక, కాగితం కూడా చూసుకోవాలి కదా. కాగితం సంగతికి ఒక తేలిక లెక్క ఉంది: అన్నిటికంటే పెద్ద సంఖ్యను వరసలో పట్టే గడులతో భాగించండి. 50ని 14తో భాగిస్తే మూడున్నర దాటుతుంది. అంటే సూచిక 3 పెట్టుకుంటే గురువారం వరస కాగితం బయటికి పోతుంది. పెద్ద వరసలో ఐదు నుంచి పది బొమ్మలు వస్తే చూడ్డానికీ లెక్కపెట్టడానికీ హాయిగా ఉంటుంది. పదిహేను దాటితే ఎవరూ ఓపికగా లెక్కపెట్టరు. మరీ రెండు మూడే వస్తే వరసల మధ్య తేడా కంటికి ఆనదు.

నిజంగా సేకరించిన లెక్కలు ఇంత చక్కగా ఉండవు. 47, 62, 38, 91 వచ్చాయనుకోండి, గ.సా.భా. 1. అప్పుడు సూచిక 10 పెట్టి, ప్రతి సంఖ్యనూ దగ్గరలో ఉన్న 5 గుణిజానికి సవరించండి: 45, 60, 40, 90. బొమ్మలు నాలుగున్నర, ఆరు, నాలుగు, తొమ్మిది. తప్పు రెండుకు మించదు. అయితే సవరించామని శీర్షిక కింద ‘సుమారుగా’ అని రాయాలి, వరస చివర అసలు సంఖ్య వేయాలి. ఈ రెండూ మానేస్తే అది కాకిలెక్కే.

ప్రశ్న: సార్, సూచిక 10 పెట్టి 35 మంది పిల్లలకు మూడున్నర మనుషుల బొమ్మలు గీశాను. అర మనిషి అంటే తల గీయాలా, కాళ్లు గీయాలా? నడుము దాకా గీస్తే మా తరగతిలో అందరూ నవ్వారు. – ఏడో తరగతి విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: నువ్వడిగింది మంచి ప్రశ్నమ్మా, పెద్దవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

వరసలు అడ్డంగా ఉంటే బొమ్మను నిలువుగా కొయ్యాలి. ఎడమ సగం ఉంచి, కుడి సగం తీసెయ్యాలి. ఎందుకంటే వరస ఎడమ నుంచి కుడికి పెరుగుతుంది. కుడివైపు సగం గడి ఖాళీగా ఉంటే వరస పొడవు కూడా సరిగ్గా మూడున్నర గడులే అవుతుంది. నువ్వు నడుము దగ్గర కోశావు కాబట్టి వరస పొడవు నాలుగు గడులే అయింది, చూసేవాళ్లకు నాలుగో మనిషి కూర్చున్నట్టు అనిపించింది. మనిషి బొమ్మను ముక్కు మీదుగా నిలువుగా కోస్తే అటూ ఇటూ ఒకేలా ఉంటుంది: ఒక కన్ను, ఒక చెయ్యి, ఒక కాలు. అది సగమే అని ఎవరికైనా తెలుస్తుంది.

అందుకే బొమ్మ ఎంచుకునే ముందే ‘దీన్ని కోస్తే సమానంగా వస్తుందా?’ అని చూసుకోవాలి. వృత్తం, చతురస్రం, నాలుగు రేకుల పువ్వు మంచివి, సగమూ పావూ రెండూ వస్తాయి. ఐదు రేకుల పువ్వుకు సగం రాదు, రెండున్నర రేకులు గీయాలి. సైకిలును మధ్యకు కోస్తే ఒక చక్రం మిగులుతుంది, ఫరవాలేదు గానీ పావు సైకిలు ఏమిటో ఎవరికీ తెలియదు. చేప బొమ్మలో తలవైపు లావు, తోకవైపు సన్నం. మధ్యలో కోస్తే రెండు ముక్కలూ సమానం కావు.

త్రిభుజం దగ్గర ఇంకా జాగ్రత్త. కొండ గుర్తుగానో చెట్టు గుర్తుగానో త్రిభుజం గీసి, ఎత్తులో సగానికి అడ్డగీత కొట్టి పైముక్కను ‘సగం’ అంటారు. అది సగం కాదు, పావు. పైముక్క ఎత్తూ సగమే, అడుగూ సగమే కాబట్టి వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. శిఖరం నుంచి కిందికి నిలువుగా కోస్తేనే సగం. కాగితంతో త్రిభుజం కత్తిరించి మడిచి చూడు, నీకే తెలుస్తుంది.

అన్నట్టు, సూచిక పెట్టెలో పూర్తి బొమ్మతో పాటు సగం బొమ్మ కూడా గీసి ‘= 5 మంది’ అని రాయి.

ప్రశ్న: ప్రాథమిక పాఠశాలలో రెండు, మూడు తరగతులకు కలిపి చెబుతున్నాను, 35 మంది పిల్లలు. పుస్తకంలో బొమ్మ చూపించి చెబితే తలూపుతున్నారు గానీ సొంతంగా చేయమంటే రావడం లేదు. ఖర్చు లేకుండా తరగతిలో చేయించే పద్ధతి చెప్పండి. – ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చిన్న పిల్లలకు గీయడం కంటే అంటించడం ముందు రావాలండీ. ఒక చీటీ అంటే ఒక పిల్లవాడు అన్నది చేతికి తెలిశాక ‘ఒక చీటీ అంటే ఇద్దరు’ అన్నది బుర్రకెక్కుతుంది.

ఒక్క ఎ4 కాగితం చాలు. 4 సెంటీమీటర్ల చదరపు చీటీలు పొడవున ఏడు, వెడల్పున ఐదు, సరిగ్గా 35 వస్తాయి. తలా ఒకటి ఇవ్వండి. పిల్లలు దాని మీద పేరు రాసుకుంటారు. పేరు ఉంటే రెండుసార్లు అంటించిన వాడూ, అసలు అంటించని వాడూ వెంటనే దొరుకుతారు.

ప్రశ్న ఎంపికలోనే సగం పని ఉంది. ‘నీకు ఏ పండ్లు ఇష్టం?’ అని అడగొద్దు, ఒక్కొక్కరు మూడేసి చెబుతారు, 35 చీటీలకు 80 జవాబులు వస్తాయి. ‘ఈ రోజు బడికి ఎలా వచ్చావు?’ అని అడిగితే ప్రతి పిల్లకూ ఒక్కటే జవాబు. నడిచి 14, సైకిలు మీద 9, ఆటోలో 7, బస్సులో 5 అని వచ్చిందనుకుందాం. కూడితే 35 రావాలి. రాకపోతే అంటించడం మొదలుపెట్టకుండా అక్కడే ఆగండి.

ముందు బల్ల మీద గణన చిహ్నాలు వేయించండి. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీదుగా ఏటవాలుగా. చాలామంది పిల్లలు ఐదు నిలువు గీతలు గీసి దాని మీద ఇంకో గీత కొడతారు. అది ఆరు, వాళ్లు ఐదుగా లెక్కపెడతారు. ఆ ఏటవాలు గీత కొట్టేటప్పుడు గట్టిగా ‘ఐదు’ అనిపిస్తే ఈ పొరపాటు తగ్గుతుంది.

తర్వాత చార్టు మీద 4 సెంటీమీటర్ల కంటే కొంచెం పెద్ద గడులు గీసి ఎడమ గీత నుంచి వరసగా అంటించనివ్వండి. గడులు లేకుండా వదిలేస్తే ఆటో పిల్లలు ఎడంఎడంగా, సైకిలు పిల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకునేలా అంటిస్తారు. 7 చీటీల వరస 9 చీటీల వరసను దాటిపోతుంది. ఒకసారి అలా జరగనిచ్చి, ‘ఏది ఎక్కువ?’ అని అడిగి, తర్వాత గడుల్లో అంటింపజేస్తే గడి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మరుసటి రోజు మూడో తరగతి వాళ్లతో ‘చార్టు చిన్నది, చీటీలు సగమే ఉన్నాయి, ఎలా?’ అని అడగండి. ఒక చీటీ = 2 పిల్లలు. నడిచి వచ్చినవాళ్లు 7 చీటీలు. సైకిలు నాలుగున్నర, ఆటో మూడున్నర, బస్సు రెండున్నర. చీటీని మడిచి చించితే సగం. ఇక్కడ సగం చీటీ అంటే సగం పిల్లాడు కాదు, ఒక పిల్లాడు. ఈ ఒక్క మాట దగ్గర తొందరపడకండి, పాఠమంతా దాని మీదే ఉంది.

పుస్తకాల్లో గీసే దశకు వచ్చాక బొమ్మలన్నీ ఒకే సైజులో రావాలంటే అచ్చు వేయించండి. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్ది వేస్తే పువ్వు అచ్చు పడుతుంది, పిల్లలకు ఎంతో ఇష్టం. కాకపోతే రెండు చిక్కులున్నాయి. కాయ కొనవైపు సన్నబడుతుంది కాబట్టి మధ్యలో కోసి, ఆ ఒక్క ముక్కతోనే అన్ని అచ్చులూ వేయాలి. రంగులో నాని మెత్తబడిందని కోసి కొత్త ముఖం తీస్తే అచ్చు సైజు మారిపోతుంది. రెండోది, బెండకాయ పువ్వుకు సాధారణంగా ఐదు మూలలు, సగం కుదరదు. సగాలు ఉన్న లెక్కకు బంగాళాదుంపను చదరంగా చెక్కి వాడండి. సగం అచ్చు కావాలంటే గడిలో కుడి సగం మీద కాగితం ముక్క పరిచి అచ్చు వేసి, కాగితం తీసేస్తే సరి.

ప్రశ్న: ఒక కరపత్రంలో ‘దిగుబడి రెట్టింపు’ అని చెప్పడానికి చిన్న బస్తా, పక్కన దానికి రెట్టింపు ఎత్తున్న పెద్ద బస్తా వేశారు. రెట్టింపు అన్నప్పుడు రెట్టింపు ఎత్తు వేయడం సరైనదే కదా? మా అమ్మాయి తప్పంటోంది. – ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ అమ్మాయి మాటే నిజమండీ. బస్తా ఎత్తు రెట్టింపు చేస్తే బొమ్మ చెడకుండా ఉండటానికి వెడల్పూ రెట్టింపు చేస్తారు. 3 సెంటీమీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బొమ్మ కాగితం మీద 6 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. ఎత్తు 6, వెడల్పు 4 చేస్తే 24. అంటే నాలుగింతలు. పైగా బస్తాకు లోతు కూడా ఉంటుందని మన కంటికి తెలుసు. నిజంగా అన్ని వైపులా రెట్టింపున్న బస్తాలో ఎనిమిది చిన్న బస్తాల గింజలు పడతాయి. చెప్పింది రెండింతలు, చూపించింది నాలుగు నుంచి ఎనిమిదింతలు. మూడింతలని చెప్పడానికి ఇలాగే గీస్తే వైశాల్యం తొమ్మిదింతలవుతుంది.

ఈ పొరపాటు పాతదే. అమెరికన్ ఇంజినీరు విల్లార్డ్ బ్రింటన్ 1914లోనే తన పుస్తకంలో వేర్వేరు సైజుల బొమ్మలతో పోలిక చూపడాన్ని తప్పుపట్టాడు. దాన్ని సరిదిద్ది ఒక పద్ధతిగా నిలబెట్టింది ఆస్ట్రియాకు చెందిన ఓటో న్యూరాత్. వియన్నాలో 1925లో మొదలైన సామాజిక, ఆర్థిక వ్యవహారాల మ్యూజియంలో, చదువు తక్కువున్న కార్మికులకు కూడా ఇళ్ల లెక్కలు, జననాల లెక్కలు, జీతాల లెక్కలు అర్థమయ్యేలా బొమ్మల్లో చూపించాలని ఆయన పూనుకున్నాడు. ఆయన నియమం ఒక్కటే: ఎక్కువ ఉంటే ఎక్కువ బొమ్మలు, పెద్ద బొమ్మ కాదు. అంకెల్లోంచి ఏది చూపాలో, ఎలా పేర్చాలో తేల్చే పని ఆయన బృందంలోని మారీ రైడమైస్టర్ చూసేది. గుర్తులు గీసే పని చిత్రకారుడు గెర్డ్ ఆర్న్‌ట్స్‌ది. ఆయన గుర్తులను లినోలియం పలక మీద చెక్కి అచ్చు వేసేవాడు, కాబట్టి వందో బొమ్మ కూడా మొదటి బొమ్మలాగే ఉండేది. పైన చెప్పిన బంగాళాదుంప అచ్చు కిటుకూ అదే. 1935 నుంచి ఈ పద్ధతికి ఐసోటైప్ అని పేరు. పిల్లలు ఆరో తరగతిలో గీసే పటచిత్రం నియమమూ ఇదే.

కరపత్రం వేసినవాళ్లు చేయాల్సిందల్లా ఒక వైపు ఒక బస్తా, రెండో వైపు అదే సైజు బస్తాలు రెండు.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. పాప మూడో తరగతి, స్కూల్లో ‘పిక్చర్ గ్రాఫ్’ అంటున్నారు. ఇంగ్లండ్‌లో ఉన్న మా అన్నయ్య కూతురు ‘పిక్టోగ్రామ్’ అంటోంది. మా చిన్నప్పుడు చదివిన పటచిత్రం ఇదేనా? – ఒక తండ్రి, డాలస్

జవాబు: ఇదేనండీ. మన ఇంగ్లిష్ మీడియం పుస్తకాల్లో పిక్టోగ్రాఫ్ అని ఉంటుంది. పేర్లు వేరు, పని ఒకటే. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే కామన్ కోర్ ప్రమాణాల్లో రెండో తరగతిలో ఒక బొమ్మ అంటే ఒకటే. మూడో తరగతిలో ఒక బొమ్మకు రెండు, ఐదు, పది లాంటి విలువలొస్తాయి. ఇంగ్లండ్‌లో ఇయర్ టూలో మొదలవుతుంది. మీరుండే టెక్సాస్ మాత్రం కామన్ కోర్‌ను అనుసరించదు, దాని ప్రమాణాలు దానివే. ఏదైనా ఒక బొమ్మకు ఒకటి కంటే ఎక్కువ విలువ ఉన్న చోట, మీ పాప బొమ్మలు లెక్కపెట్టి అక్కడితో ఆపేస్తుందేమో గమనించండి.

ప్రశ్న: గీయడం వచ్చింది. పరీక్షలో బొమ్మ ఇచ్చి ప్రశ్నలడిగితే తప్పులు పోతున్నాయి. – పలువురు విద్యార్థులు

జవాబు: ఈ లెక్క చూడండి. నాలుగు ఊళ్ల నుంచి పాలకేంద్రానికి వచ్చిన పాలు. ఒక క్యాను బొమ్మ = 20 లీటర్లు. మొదటి ఊరు ఆరున్నర క్యాన్లు, రెండోది నాలుగు, మూడోది మూడుంబావు, నాలుగోది ఐదుంముప్పావు.

మొదట చేయాల్సింది, చూపు బొమ్మల మీదకు పోనివ్వకుండా సూచిక చదవడం. తర్వాత ముక్కల విలువ పక్కన రాసుకోవడం: సగం 10, పావు 5, ముప్పావు 15. ఇక ఊళ్లు: 130, 80, 65, 115 లీటర్లు. ఎక్కువ తప్పులు ముప్పావు దగ్గరే. హడావుడిలో దాన్ని సగంగా చదివి 110 రాస్తారు.

‘మొదటి ఊరి పాలు రెండో ఊరి కంటే ఎంత ఎక్కువ?’ అన్నప్పుడు రెండింటినీ లీటర్లలోకి మార్చక్కర్లేదు. బొమ్మల్లోనే తేడా తీయండి, రెండున్నర క్యాన్లు, 20తో గుణిస్తే 50 లీటర్లు. కొందరు రెండున్నర దగ్గరే ఆగి ‘2.5 లీటర్లు’ అని రాస్తారు. మొత్తం కూడా అంతే: బొమ్మలన్నీ కలిపి పంతొమ్మిదిన్నర, 390 లీటర్లు. విడివిడిగా కూడినా 130, 80, 65, 115 కలిపితే 390. రెండు దారుల్లో ఒకే జవాబు వస్తే ధైర్యంగా తర్వాతి ప్రశ్నకు పోవచ్చు.

ఈ మధ్య తిరగేసి కూడా అడుగుతున్నారు: సూచిక దాచిపెట్టి, ‘రెండో ఊరు 80 లీటర్లు, ఒక క్యాను ఎంత?’ అని. పూర్తి బొమ్మలే ఉన్న వరస ఇస్తే తేలిక. 80ని 4తో భాగించండి, అంతే.

ప్రశ్న: ఒక వరసలో సున్నా వస్తే ఆ వరస తీసేయొచ్చా? – ఆరో తరగతి విద్యార్థి, కరీంనగర్

జవాబు: తీసేయకూడదు నాన్నా. పేరు రాసి వరస ఖాళీగా ఉంచు, చివర 0 వెయ్యి. తీసేస్తే ‘ఆ రోజు ఎవరూ రాలేదు’ అన్న సంగతే పోతుంది. ఆ రోజు లెక్క తీసుకోలేదేమో అనుకుంటారు.

ప్రశ్న: ఎప్పుడు పటచిత్రం, ఎప్పుడు కమ్మీ చిత్రం (బార్ గ్రాఫ్)? – ఒక బీఎడ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: అంశాలు నాలుగు నుంచి ఏడెనిమిది లోపు ఉండి, సంఖ్యలు ఐదులు, పదుల లెక్కన తేలేలా ఉండి, చూసేవాళ్లకు ఒక్క చూపులో సంగతి చేరాలంటే పటచిత్రం. సంఖ్యలు 237, 241, 229 లాగా ఒకదానికొకటి దగ్గరగా ఉంటే కమ్మీ చిత్రం, ఎందుకంటే బొమ్మల్లో ఈ తేడా మునిగిపోతుంది. సూచిక 50 అయితే 237కూ 241కీ వరసలు ఒకేలా కనిపిస్తాయి. ఒకచోట 3, ఇంకోచోట 900 ఉన్నా పటచిత్రం పనికిరాదు, 3ను చూపించే సూచిక పెడితే 900 కాగితంలో పట్టదు.

పిల్లలకు చెప్పేటప్పుడు రెండింటినీ వేర్వేరు పాఠాలుగా విడదీయకండి. గడుల్లో బొమ్మలు పేర్చిన వరస చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీసి బొమ్మలు చెరిపేస్తే మిగిలేది కమ్మీయే. గడులు సమానంగా ఉన్న పిల్లలకు ఇది కళ్లముందే జరుగుతుంది.

ప్రశ్న: కంప్యూటర్‌లో ఎక్సెల్‌తో పటచిత్రం చేస్తే బొమ్మ సాగిపోతోంది. – ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: కమ్మీని బొమ్మతో నింపినప్పుడు ఎక్సెల్ మామూలుగా ‘స్ట్రెచ్’ అనే ఎంపిక తీసుకుంటుంది, ఒకే బొమ్మ కమ్మీ పొడవునా సాగుతుంది. కమ్మీ మీద కుడి క్లిక్ చేసి ఫార్మాట్ డేటా సిరీస్‌లో ఫిల్ కింద ‘స్టాక్ అండ్ స్కేల్ విత్’ ఎంచుకుని, పక్క గడిలో సూచిక విలువ, ఉదాహరణకు 10, వేయండి. 35కి మూడు బొమ్మలూ సగమూ దానంతటదే వస్తాయి. బొమ్మ అణిగినట్టు కనిపిస్తే ‘గ్యాప్ విడ్త్’ తగ్గించి పెంచి చూడండి. ‘స్టాక్’ అని మాత్రమే ఉన్న ఎంపిక వద్దు, అది బొమ్మలు పేరుస్తుంది గానీ మీ సూచికను పట్టించుకోదు.

గడిలో గుర్తులు పేర్చే రెప్ట్ ఫంక్షన్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి: అది దశాంశాన్ని వదిలేస్తుంది. 35ను 10తో భాగించి ఇస్తే మూడు గుర్తులే వేస్తుంది, సగం మాయమవుతుంది. 35 వరసా 30 వరసా ఒకేలా కనిపిస్తాయి.

ప్రశ్న: మా తరగతిలో చూపు లేని బాబు ఒకడున్నాడు. పటచిత్రం పాఠం అప్పుడు వాణ్ని పక్కన కూర్చోబెట్టాల్సి వస్తోంది. వాడికి ఎలా చెప్పాలి? – ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

జవాబు: పక్కన పెట్టక్కర్లేదు సార్. బొమ్మ అంటే కొలత అని మొదటే అనుకున్నాం కదా, కొలత చేతికి తగిలితే చాలు.

గట్టి అట్ట తీసుకుని ఎడమవైపు నిలువుగా ఒక లావుపాటి దారం అంటించండి, అది మొదలు గీత. ఒక్కో వరసకు అడ్డంగా సన్నదారం. ఆ దారం మీద శనగలు అంటించండి, సగానికి శనగబద్ద. శనగ రెండుగా విడితేనే బద్ద కాబట్టి సగం అన్నది వేలికే తెలుస్తుంది: శనగ రెండువైపులా గుండ్రం, బద్ద ఒకవైపు చదును. అందుకని బద్దను చదునువైపు పైకి ఉండేలా అంటించాలి. బోర్లా అంటిస్తే వేలికి శనగలాగే తగులుతుంది. గింజల మధ్య ఎడం బాబు చూపుడువేలి మందం ఉంచితే లెక్కపెట్టేటప్పుడు వేలు తడబడదు. జిగురు ఆరడానికి ఒక పూట పడుతుంది, ముందు రోజే చేసిపెట్టుకోండి.

సూచికను అట్ట కింది ఎడమ మూలలో పెట్టండి: ఒక శనగ, పక్కన బ్రెయిలీలో విలువ. ఎప్పుడూ ఆ మూలలోనే ఉంటే బాబు ముందుగా చెయ్యి అక్కడికే పోనిస్తాడు. మిగతా పిల్లలకు కూడా ఇదే అట్ట ఇచ్చి, కళ్లు మూసుకుని చదవమనండి.